ఇరవై ఆరు మైళ్ళ మొక్కు

న్యూయార్క్ మారథాన్‌లో పరుగెత్తాలని నిశ్చయించుకున్నట్టు మా అమ్మాయి చెప్పిన రోజున, మా వారు "ఎందుకమ్మా అంత శ్రమ?" అన్నారు. నేను మోకాళ్ళ గురించి భయపెట్టాను. తెనాలిలో ఉన్న మా అమ్మ మాత్రం ఫోనులో ఒకే ప్రశ్న అడిగింది: "ఏం మొక్కుకుందే?"

అది మొక్కు కాదమ్మా, పరుగుపందెం అని నేను సర్దిచెప్పబోయాను. అమ్మాయి మధ్యలో అందుకుని, మొక్కు అంటే ఏమిటో తనకు తెలుసునంది. తొమ్మిదేళ్ళప్పుడు వేసవి సెలవులకు వెళ్ళి, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కిన పిల్ల అది. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ నడిచే స్త్రీలను, మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద పాకుతూ ఎక్కేవారిని చూసి, "వాళ్ళను ఎవరూ ఆపరేం అమ్మమ్మా?" అని ఆ రోజు అడిగిందట. మా అమ్మ ఏం జవాబు చెప్పిందో ఇద్దరికీ గుర్తు లేదు.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పిల్లను పెంచిన ఇన్నేళ్ళలో, ఆమె పడవలసిన కష్టాన్ని కూడా మేమే ఎంచి ఇచ్చాం. కూచిపూడి మేం చెప్పిందే, ఆదివారం తెలుగు బడి మేం చెప్పిందే, వేసవిలో అదనపు లెక్కల క్లాసులూ మేం చెప్పినవే. అవన్నీ ఆమె నోరెత్తకుండా చేసింది కాబట్టి కష్టపడే గుణం అబ్బిందని మురిసిపోయాం. తీరా ఇరవై నాలుగేళ్ళ వయసులో తన కష్టాన్ని తనే ఎంచుకుంటే, మాకు అది అనవసరమైన బాధలా కనిపించింది. బంధువుల మాటలు సరేసరి. ఆడపిల్లకు ఈ పరుగులెందుకని అడిగినవారికి నేను ఒక్కటే చెప్పాను: నేను ఏడో తరగతి చదివే 1984 దాకా ఒలింపిక్స్‌లో స్త్రీలకు మారథానే లేదు, ఆ ఏడాది లాస్ ఏంజెలెస్‌లోనే మొదలైంది, అటువంటప్పుడు మన పిల్లలను మనమే ఆపడం నాకు ఇష్టం లేదు. అలా అన్నానే గాని, ఇంట్లో నేను చేసింది ఆపడమే.

న్యూయార్క్ మారథాన్‌లో చోటు దొరకడం సులభం కాదు. లాటరీలో పేరు రావాలి, లేదా ఏదైనా సేవాసంస్థకు విరాళాలు సేకరించి పెట్టాలి, లేదా నిర్వాహక సంస్థలో సభ్యత్వం తీసుకుని ఒక ఏడాదిలో తొమ్మిది పందేలు పరుగెత్తి, ఒక పందెంలో స్వచ్ఛందంగా సేవ చేస్తే మరుసటి ఏడాదికి చోటు ఖాయమవుతుంది. మా అమ్మాయి ఈ మూడో దారి పట్టింది. నాలుగో పందెం తరువాత ఆమె కాలివేళ్ళకు గోరింటాకు రంగు గోళ్ళరంగు కనిపించింది. బాగుందని కూడా అన్నాను. అది రెండు గోళ్ళ కింద రక్తం గడ్డకట్టి నల్లబడితే దాచడానికి వేసుకున్నదని నెల తరువాత గాని తెలియలేదు. నేను కేకలేస్తానని చెప్పలేదట. పరాయి దేశంలో పెరిగే పిల్లలు భాషకు దూరమవుతారేమోనని అందరం దిగులు పడతాం. వచ్చిన భాషలోనే నాతో చెప్పుకోలేని పరిస్థితిని నేను తెచ్చానన్నది ఆ రోజు తెలిసింది.

సేవ చేయవలసిన రోజు తెల్లవారకముందే సెంట్రల్ పార్కులో ఉండాలి కాబట్టి నేనే కారులో తీసుకువెళ్ళి, నేనూ పేరు నమోదు చేసుకుని మంచినీళ్ళ బల్ల దగ్గర నిలబడ్డాను. కాగితపు గ్లాసులను సగం వరకు నింపి, వరుసలు పేర్చి, వాటిపై అట్ట పరిచి మళ్ళీ ఇంకొక వరుస పేర్చారు. గ్లాసును పిడికిట బిగించి పట్టుకుంటే పరుగెత్తేవారికి అందదు. అడుగున వేళ్ళతో ఆనించి చెయ్యి చాపాలి, వాళ్ళు అందుకునే క్షణంలో మన చెయ్యి కూడా వాళ్ళతోపాటు కొంచెం కదలాలి. మా అమ్మాయి నాకు అది రెండుసార్లు చేసి చూపించింది. పది నిమిషాలు గడిచేసరికి నాకు మా వీధి మొగలో మా నాన్నగారు ఏటా ఎండాకాలం పెట్టించిన చలివేంద్రం కళ్ళముందు నిలిచింది: తాటాకు పందిరి, ఇసుకలో కుదురుగా కూర్చోబెట్టిన కొత్త కుండలు, వాటికి చుట్టిన తడిగుడ్డ, దోసిలి పట్టిన బాటసారులు. ఆ మాట చెప్పగానే పిల్ల, చలివేంద్రం అనే మాటను నాలుగుసార్లు పలికి నేర్చుకుంది. ఆదివారం బడిలో ఆ మాట రాలేదు.

మరుసటి ఏడాది వేసవి నుంచి మా వంటింటికీ ఆ పరుగులో భాగం దక్కింది. దూరం పరుగెత్తే ముందు రోజు రాత్రి కారం, పీచు ఉన్నవేవీ ఆమెకు పడేవి కావు. తెల్లన్నం, పలుచగా కలిపిన ముద్దపప్పు, చిటికెడు ఉప్పు మాత్రం హాయిగా ఒంటికి పట్టేవి. చిన్నప్పుడు జ్వరం తగ్గాక పెట్టిన పథ్యమే అది.

నవంబరు మొదటి ఆదివారం వచ్చింది. ఆ తెల్లవారుజామునే ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి, ఇండియాతో మా తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నర అయింది. ఈ సంగతి మా అమ్మకు చెప్పడం మరిచాను. ఆమె గంట ముందే మనవడి ఫోను పట్టుకుని, పరుగెత్తేవారు ఎక్కడున్నారో పటంలో చూపించే తెర మీద మనవరాలి చుక్క ఎప్పుడు కదులుతుందా అని కూర్చుంది. అమ్మాయి స్టేటెన్ ఐలండ్‌లో చలికి నా పాత స్వెట్టరు తొడుక్కుని ఎదురుచూసి, పరుగుకు ముందు దాన్ని దానానికి సేకరించే డబ్బాలో వేసి, వెరజానో వంతెన ఎక్కింది. మేం బ్రూక్లిన్‌లో ఎనిమిదో మైలు దగ్గర చూశాం, చెయ్యి ఊపి నవ్వింది. అక్కడి నుంచి 'Q' అనే సబ్‌వే రైలెక్కి, మన్‌హాటన్‌లో ఎనభై ఆరో వీధిలో దిగి, ఫస్ట్ అవెన్యూ అంచున నిలబడ్డాం.

అప్పుడే తెనాలి నుంచి ఫోను. చుక్క క్వీన్స్‌బరో వంతెన మీద ఆగిపోయింది, పిల్ల పడిపోయిందేమో చూడండి అని. ఆ వంతెన మీద జనం ఉండరు, చప్పట్లు ఉండవు, పైగా ఎక్కుడు. చుక్క ఆగినంత మాత్రాన మనిషి ఆగినట్టు కాదని, దారిలో పరిచిన, సమయం నమోదు చేసే చాపలు దాటినప్పుడే లెక్క సరిగ్గా తెలుస్తుందని చెబుతూనే, నేనూ వణికాను. పదిహేను నిమిషాల తరువాత పెదవుల మీద ఉప్పు చారలతో వచ్చింది. నవ్వలేదు. "అమ్మా, బాగానే ఉన్నా" అని తెలుగులో అని సాగిపోయింది. ఇరవయ్యో మైలు బ్రాంక్స్‌లో, ఒంట్లో నిల్వ ఉన్న శక్తి హరించుకుపోయే చోట, ఆమె ఎలా నడిచిందో, ఎక్కడ ఏడ్చిందో మేం చూడలేదు.

అయిదు గంటల పన్నెండు నిమిషాలకు సెంట్రల్ పార్కులో గీత దాటేసరికి తెనాలిలో రాత్రి రెండు దాటింది. శివరాత్రి జాగారంలా కూర్చున్న మా అమ్మ, "మొక్కు తీరిందా తల్లీ?" అంది. "తీరింది అమ్మమ్మా" అంది పిల్ల. ఏం మొక్కుకున్నావని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు. వేడినీళ్ళలో రాళ్ళ ఉప్పు వేసి కాళ్ళు పెట్టించమని నాకు చెప్పి, మా అమ్మ పడుకుంది.

ఇంటికి వచ్చాక పెద్ద స్టీలు బేసినులో నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి ఆమె ముందు పెట్టాను. ఈసారి గోళ్ళకు రంగు లేదు. మూడు గోళ్ళు నల్లబడి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా నాకు చూపించి, ఏది ఎన్నో మైలులో మొదలైందో చెబుతూ, మాట మధ్యలోనే నిద్రపోయింది.