నా వీపు పొడవు 17 అంగుళాలు

డిసెంబరులో మా బ్యాంకు మిత్రులతో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కాలని నిర్ణయించుకున్నప్పుడు, 12,500 అడుగుల ఎత్తు గురించీ అక్కడి మంచు గురించీ భయపడ్డానే తప్ప, వీపుకు తగిలించుకునే సంచి గురించి ఒక్క నిమిషమైనా ఆలోచించలేదు. సెలవు అడిగిన రోజే మంజూరైంది. టికెట్లు దొరికాయి. డాక్టరు సర్టిఫికెట్టు ఒక్క పూటలో చేతికొచ్చింది. సంచి ఒక్కటే ఆరు వారాలు తిన్నది. ఆ తతంగం మొన్న ఆదివారంతో ముగిసింది కనుక కోపం చల్లారకముందే రాసిపెడుతున్నాను.

మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాము. దగ్గరలోనే ఉన్న ఒక పెద్ద దుకాణంలో తగ్గింపు ధరలు పెట్టారని తెలిసి వెళ్లాను. అక్కడి కుర్రవాడు నన్ను ఆపాదమస్తకం చూసి, "సార్, మీ హైటెంత?" అని అడిగాడు. 5 అడుగుల 11 అంగుళాలని చెప్పాను. "అయితే మీకు లార్జే" అని 70 లీటర్ల సంచి ఒకటి దించి, ఖాళీగానే నా వీపుకు తగిలించి అద్దం ముందు నిలబెట్టాడు. ఖాళీ సంచి ఎవరి వీపు మీదైనా బాగానే ఉంటుందన్న ఇంగితం నాకు అప్పుడు లేకపోయింది. 7,499 రూపాయలు చెల్లించి, పెద్దది కొన్నానన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

మొదటి సాధన కోసం దొడ్డబళ్లాపురం దాటాక వచ్చే మాకళిదుర్గం కొండను ఎంచుకున్నాను. అనుమతి ఆన్‌లైన్‌లో సులభంగానే దొరికింది. పర్వతం మీద ఎంత బరువు మోయవలసి వస్తుందో అంతా ముందే మోసి చూడాలన్న పట్టుదలతో స్లీపింగ్ బ్యాగు, దుప్పట్లు, నాలుగు లీటర్ల నీళ్లు, బియ్యపు సంచి కలిపి 14 కిలోలు నింపాను. నా బరువు 68 కిలోలు. రోజుల తరబడి నడిచేవారు తమ బరువులో ఐదో వంతుకు మించి మోయకపోవడం మంచిదంటారు కాబట్టి లెక్క ప్రకారం నేను హద్దు దాటింది అర కిలో కన్నా తక్కువే. అసలు హద్దు దాటింది సంచే. నడుము పట్టీని తుంటి ఎముకల మీద బిగిస్తే భుజాల పట్టీలు భుజాలను తాకకుండా నాలుగు వేళ్ల ఎత్తున గాలిలో నిలిచేవి. భుజాల దగ్గర సరిచేస్తే నడుము పట్టీ పిరుదుల మీదికి జారి, అడుగు తీసి అడుగు వేయనిచ్చేది కాదు. ఎటు సర్దినా బరువంతా నన్ను వెనక్కి గుంజుతూనే ఉంది.

సగం దారిలో నున్నటి బండ మీద కాలు ఎత్తి వేయబోతూ వెల్లకిలా పడ్డాను. సంచి మెత్తగా ఉండడం వల్ల దెబ్బ తగలలేదు, కానీ కాళ్లూ చేతులూ ఆడించడం తప్ప లేవలేకపోయాను. వెనక వస్తున్న పదేళ్ల పిల్లవాడు స్వచ్ఛమైన తెలుగులో, "నాన్నా, అంకుల్‌ని బ్యాగు కింద పడేసింది" అన్నాడు. వాళ్ల నాన్న ముందు నా ఛాతీ బకిల్ విప్పి, తరువాత నన్ను లేపి, "ఎందుకు సార్ ఈ వయసులో" అన్నారు. నా వయసు 48. ఆయనది కూడా దాదాపు అంతే ఉంటుంది.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే రెండు భుజాల మీదా ఎర్రటి చారలు. మా ఆవిడ కొబ్బరినూనె రాస్తూ, "మా ఊళ్లో బావి నుంచి బిందెడు నీళ్లు తెచ్చేటప్పుడు చంకన ఎత్తుకుంటాం కదండీ, ఆ బరువు ఎక్కడ ఆనుతుందనుకున్నారు? చేతి మీదా, నడుము మీదా?" అంది. నాకు సంచి శాస్త్రమంతా ఆ మాటలోనే అర్థమైంది. చెయ్యి బిందె పడిపోకుండా పట్టుకుంటుందే తప్ప బరువు మోయదు. మోసేది తుంటి ఎముక. మంచి సంచిలోనూ బరువులో ఎక్కువ భాగం నడుము పట్టీ గుండా తుంటి మీదికి దిగాలి, భుజాల పట్టీలు సంచి వెనక్కి వాలకుండా పట్టుకోవాలి. అందుకు చూసుకోవలసింది మనిషి ఎత్తు కాదు, వీపు పొడవు. తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక ఉబికి వస్తుంది. చేతులు నడుముకు పెట్టుకుని తుంటి ఎముకల పై అంచులను తడిమితే, వెనక రెండు బొటనవేళ్లూ ఒకదానికొకటి ఎదురయ్యే గీత ఒకటి దొరుకుతుంది. ఆ ఎముక నుంచి ఈ గీత దాకా టేపు పట్టి కొలవాలి. మా ఆవిడ రెండుసార్లు కొలిచింది. 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు. నా ఎత్తంతా కాళ్లలో ఉన్నదన్న సంగతి 48 ఏళ్లకు గానీ తెలియలేదు.

సంచిని మార్చుకుందామని అదే దుకాణానికి వెళ్లాను. అసలు బాధ అక్కడ మొదలైంది. 30 రోజుల లోపు మార్చుకోవచ్చని బిల్లు మీదే అచ్చువేసి ఉంది. నేను వెళ్లింది పన్నెండో రోజున. కౌంటరులోని వ్యక్తి సంచిని తలకిందులు చేసి, అడుగున అంటిన ఎర్రమట్టిని వేలితో గీకి, ఆ వేలును వరుసలో ఉన్నవారందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుని, "ఇది వాడేసిన సరుకు సార్" అన్నాడు. వాడకుండా సరిపోలేదని ఎలా తెలుస్తుందని అడిగాను. కొనే ముందే చూసుకోవలసింది అన్నాడు. చూసింది మీ కుర్రవాడే, ఎత్తు అడిగి ఇచ్చాడని చెబితే, మేనేజరును పిలిచారు. ఆయన నా వైపు చూడకుండా కంప్యూటరు వైపే చూస్తూ, "ట్రిప్పుకు వాడుకుని తిరిగి తెచ్చేవాళ్లు రోజూ వస్తుంటారు" అన్నాడు. నా వెనక నిలబడిన అమ్మాయి నవ్వింది. ఆ మాటకు జవాబేమీ తట్టక, నా చెవులు వేడెక్కడం మాత్రం నాకే తెలుస్తుండగా, మట్టి సంచి చంకన పెట్టుకుని బయటికి వచ్చాను. ఇరవై రెండేళ్లుగా నేనూ బ్యాంకు కౌంటరు వెనకే కూర్చుంటున్నాను. చెల్లని చెక్కు తెచ్చినవాణ్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడానే తప్ప, నలుగురి ముందు దొంగలా నిలబెట్టలేదు. ఆ దుకాణంలో ఎవరైనా కొనదలిస్తే ట్యాగు కత్తిరించకుండా, ఇంట్లోనే బియ్యం బస్తా నింపుకుని, మేడ మెట్లు ఇరవై సార్లు ఎక్కి దిగి చూసుకున్నాకే మట్టి తొక్కమని నా సలహా.

తరువాత మా మిత్రుడొకరు జయనగర్‌లోని చిన్న దుకాణం చెప్పారు. అక్కడి అమ్మాయి అడగకముందే టేపు తీసింది, సంచిలో ఇసుక మూటలు వేసి పది కిలోల బరువు చేసింది. ముందు పట్టీలన్నీ వదులు చేయించి, నడుము పట్టీని తుంటి ఎముకల మీద బిగించాకే భుజాల పట్టీలు, ఆ తరువాత భుజాల పైనుంచి సంచిని ముందుకు లాగే చిన్న పట్టీలు, చిట్టచివర ఛాతీ పట్టీ పెట్టించింది. అలా తగిలించుకుని మెట్లు ఎక్కి దిగమంది. మగవారి సంచులు నాలుగు చూశాము. వీపు పలకను పైకీ కిందికీ జరుపుకునే రకం కూడా చిట్టచివరి మెట్టు దాకా దించినా నాకు పొడవే అయింది. అప్పుడామె కాస్త మొహమాటంగా, "సార్, లేడీస్ మోడల్ ఒకసారి వేసుకుంటారా? వాటి వీపు పొట్టిగా ఉంటుంది" అంది. పక్కనున్న ఇద్దరు కుర్రవాళ్లు మాటలాపి నా వైపు తిరిగారు. రంగు కూడా ఊదా రంగు. వేసుకున్నాను. బరువు భుజాలను వదిలి ఒక్కసారిగా తుంటి మీద కూర్చుంది. ఛాతీ వద్ద పట్టీలు కాస్త ఇరుకు అనిపించినా, నాకు ఛాతీ లేని దేహదారుఢ్యం ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

దాని సామర్థ్యం 50 లీటర్లు. గుడారమూ వంట సామానూ ట్రెక్ నడిపేవారే తెస్తారు కనుక అంతకు మించి అక్కర్లేదు. ఖాళీ ఉంటే మనిషి నింపకుండా ఉండలేడు. సర్దడంలో స్లీపింగ్ బ్యాగు అడుగున, బరువైనవి వీపును ఆనుకుని నడిమధ్యన ఉండాలి. రెయిన్ కవరును నమ్మకూడదు. అది వీపు వైపు కప్పదు, అక్కణ్నుంచి కారిన నీరు నేరుగా లోపలి బట్టల్లోకి పోతుంది. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్న బట్టకూ కుట్ల దగ్గరా జిప్పు దగ్గరా నీరు దిగుతుంది. లోపల దళసరి పాలిథిన్ సంచి ఒకటి పరుచుకుంటే సరి. దాని ధర చెబితే నవ్వుతారు.

మొన్న ఆదివారం అదే మాకళిదుర్గాన్ని 11 కిలోలతో ఎక్కి, కోటలోని నందికి దండం పెట్టుకుని దిగి వచ్చాను. దారిలో ఇద్దరు కుర్రవాళ్లు నా సంచి రంగు చూసి మోచేతులతో పొడుచుకున్నారు. వారికన్నా ముందే పైకి చేరాను. పాత 70 లీటర్ల సంచి బీరువా మీద ఉంది. దానిలో మా ఇంటి రజాయిలు రెండూ, ఒక దిండూ పట్టాయి.