టర్బైన్ వేవర్ వేట: ఇంకా సంతకం పడలేదు

రిమోట్‌తో ఎగిరే మోడల్ జెట్‌లో నిజమైన టర్బైన్ ఇంజిన్ వాడటానికి ఇచ్చే అనుమతే ఈ వేవర్. అది ఇంకా చేతికి రాలేదు గానీ, మర్చిపోకముందే ఇక్కడిదాకా జరిగింది రాసేస్తున్నా. విమానం బాగా తిప్పడం వస్తే చాలనుకుని దిగాను, తీరా చూస్తే సగం పరీక్ష నేల మీదే ఉంది.

అమెరికాలోని మోడల్ విమానాల సంఘం అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ సభ్యులు టర్బైన్ ఎగరేయాలంటే ఈ వేవర్ తప్పనిసరి. ముందు వేగంగా పోయే మోడళ్ల మీద అనుభవం ఉండాలి, తర్వాత వేవర్ ఉన్నవాళ్ల ఎదుట టర్బైన్ నడిపి చూపించాలి. వేగానికి గంటకు 200 మైళ్ల హద్దు కూడా ఉంది.

నా అనుభవమంతా ఈడీఎఫ్ జెట్ మీదే, అంటే బ్యాటరీ మోటర్‌తో ఫ్యాన్ తిరిగేది. అందులో థ్రాటిల్ తోస్తే వెంటనే లాగుతుంది. టర్బైన్ అలా కాదు, ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ పూర్తిగా తగ్గించినప్పుడు, సుమారు 35,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ ఉంటుంది, అక్కడి నుంచి లక్ష దాటడానికి మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది, ఈలోపు విమానం రన్‌వే ముందే కూలబడొచ్చు. అందుకే ఇప్పుడు ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగేటప్పుడు, కొంచెం పవర్ ఉంచి, రెక్కల వెనక కిందికి వంగే ఫ్లాప్స్‌తో వేగం తగ్గిస్తున్నా.

అసలు పరువు పోయింది మాత్రం ఫెయిల్‌సేఫ్ దగ్గర, అంటే సిగ్నల్ పోతే ఇంజిన్ దానంతట అదే ఆగాల్సిన ఏర్పాటు దగ్గర. విమానాన్ని గట్టిగా పట్టుకుని సగం థ్రాటిల్‌లో ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేశాం. సిగ్నల్ పోయిన రెండు సెకన్లలో ఇంధనం ఆగిపోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఇంజిన్ హాయిగా అరుస్తూనే ఉంది! రిసీవర్ మార్చినప్పుడు సెట్టింగు హోల్డ్‌లో (చివరి సిగ్నల్‌నే పట్టుకుని ఉండేలా) ఉండిపోయింది, నేను చూసుకోలేదు. అదే గాల్లో అయితే కొంప మునిగేదే.

స్టార్ట్ ఫెయిలైతే వెంటనే మళ్లీ ప్రయత్నించకండి. లోపల నిలిచిన కిరోసిన్ అంటుకుంటే తోక నుంచి మంట తన్నుకొస్తుంది, కాబట్టి ముక్కు పైకెత్తి అంతా కారనివ్వాలి. పక్కన సీఓటూ సిలిండర్ పట్టుకుని ఒక మనిషి ఉండాల్సిందే. పొడి చల్లేది కూడా మంట ఆర్పుతుంది గానీ ఇంజిన్ మీద ఆశ వదులుకోవాలి. ఆపాక స్టార్టర్ మోటర్ తిరుగుతూ వేడిని 100 డిగ్రీల కిందికి దించేదాకా బ్యాటరీ పీకొద్దు, నాకు ఒకసారి చెయ్యి దాని మీదికి వెళ్లబోయింది.

చెక్‌లిస్టులో మొదటి లైను మార్చాను. ట్యాంకు నింపకముందే ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) తెరమీద థ్రాటిల్ కట్ పడిందో లేదో చూడటం. ఆదివారం మళ్లీ చూపించాలి.