పేలని తూటా, ముప్పై సెకన్లు: విజయవాడలో .22 రైఫిల్ సాధన నమోదులు

మార్చి

విజయవాడ శివారులోని రేంజ్‌లో క్లబ్ రైఫిల్‌తో 50 మీటర్ల సాధన గత శీతాకాలం నుంచి సాగుతోంది. పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లే కావడంతో ఇన్నాళ్లూ నా నోటుపుస్తకం నిండా ఊపిరి, భుజం పట్టు, సైట్ సవరణల లెక్కలే ఉండేవి. ఈ నెల నుంచి పేలని తూటాల కోసం విడిగా ఒక పట్టిక మొదలుపెట్టాను. పెట్టె మీది లాట్ నంబరు (ఏ విడత తయారీయో చెప్పేది), ట్రిగ్గర్ నొక్కినప్పుడు వినిపించిన శబ్దం, బయటికి తీసిన కేస్ (తూటా ఇత్తడి తొడుగు) అంచు మీద దాన్ని కొట్టే ఫైరింగ్ పిన్ గుర్తు లోతు అందులో నమోదవుతాయి.

పెద్ద రైఫిళ్ల తూటాలకు అడుగున మధ్యలో నిప్పు పుట్టించే ప్రైమర్ ఉంటుంది. .22 తూటాలో మాత్రం రాజుకునే మందును కేస్ అంచు మడతలోకి చేరేలా గిర్రున తిప్పి నింపుతారు. పిన్ ఆ అంచును చాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) అంచుకేసి నలిపితేనే నిప్పు పుడుతుంది. ఆ వలయంలో మందు పలచబడిన చోటే పిన్ తగిలితే, దెబ్బ ఎంత బలంగా ఉన్నా తూటా పేలదు. అందువల్ల ఖరీదైన మ్యాచ్ తూటాల్లో కూడా, అరుదుగానే అయినా, మిస్‌ఫైర్ ఎదురవుతుంది.

ఏప్రిల్

ఈ నెల సాధన అంతా క్లిక్ శబ్దం తరువాత ఏం చేయాలన్న దాని మీదనే నడిచింది. ఆ క్షణంలో అది అసలు పేలని తూటానా, ఆలస్యంగా పేలబోతున్నదా అని బయటినుంచి తెలుసుకునే మార్గం లేదు. దీపావళినాడు ఆరిపోయిందనుకున్న టపాకాయ మీదికి వంగే పిల్లలను పెద్దవాళ్లు వెనక్కి లాగేది ఎందుకో, ఇక్కడ చాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్ట్ మీద చెయ్యి వేయవద్దనేదీ అందుకే. బోల్ట్ మూసి ఉన్నంతసేపు తూటా ఆలస్యంగా పేలినా దాని ముందుభాగమైన గుళిక లక్ష్యం వైపే పోతుంది. బోల్ట్ తెరుస్తుండగా పేలితే మాత్రం పలచని ఇత్తడి కేస్‌కు వెనక ఆధారం ఉండదు కనుక అది చిట్లి, ముక్కలూ వేడి వాయువూ ముఖం మీదికి వస్తాయి. కళ్లద్దాలు లేకుండా మా లేన్‌లోకి ఎవరినీ రానివ్వకపోవడానికి ఇదొక్క కారణం చాలు.

క్లిక్‌మన్నాక గొట్టం లక్ష్యం వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ నుంచి బయటికి రావాలి, ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తి రేంజ్ ఆఫీసర్‌కు తెలియజేయాలి, ఆపైన కనీసం ముప్పై సెకన్లు కదలకుండా లెక్కపెట్టాలి. కొన్ని రేంజ్‌లలో ఇంకా ఎక్కువసేపు ఆగమంటారు. అక్కడ అదే నియమం. గడువు తీరాక ముఖాన్ని బోల్ట్ వెనకనుంచి పక్కకు తప్పించి నెమ్మదిగా తెరవాలి. పోటీలో అంత సమయం ఎక్కడుంటుందని కొత్తగా చేరిన కుర్రాళ్లు వాదిస్తారు. పడుకుని కాల్చే 60 షాట్ల పోటీకి ఎలక్ట్రానిక్ లక్ష్యాల మీద 50 నిమిషాలు ఇస్తారు, ముప్పై సెకన్లు అందులో నూరో వంతు మాత్రమే.

ఈ అలవాటు కోసం కోచ్ గారు అసలు తూటాల మధ్య మందు లేని డమ్మీలను మాకు తెలియకుండా కలిపి, తానే చాంబర్‌లో పెట్టి ఇస్తారు. ఆ డమ్మీలు ఇంకో సంగతి కూడా బయటపెట్టాయి. పేలుడు లేని షాట్‌లో గొట్టం కొన కిందికి తొణకడం స్పష్టంగా కనిపించింది, అంటే మోత వినకముందే భుజం దానికి సిద్ధపడుతోందన్నమాట. నెలాఖరుకు ఆ తొణుకు బాగా తగ్గింది. పేలని తూటా సాధన వల్ల స్కోరు మెరుగుపడుతుందని నేను అసలు అనుకోలేదు.

మే

బెజవాడ ఎండల్లో పట్టిక త్వరగానే నిండింది. పిన్ గుర్తు లోతుగా ఉండి పేలని తూటాలు ఒకటి రెండే. మిగిలిన వాటిలో గుర్తు బాగా పలచగా ఉంది. గుర్తు లోతుగా ఉంటే తూటాను అనుమానించాలి, పలచగా ఉంటే రైఫిల్‌ను అనుమానించాలి. స్ప్రింగ్ బలహీనపడినా, బోల్ట్ లోపల నూనె జిగురుగా మారినా, తూటా చాంబర్‌లో పూర్తిగా కూర్చోకపోయినా దెబ్బ బలం తగ్గుతుంది. మా రైఫిల్‌లో మూడోదే జరిగింది. గుళిక మీది మైనపు పూత ఎండకు మెత్తబడి దుమ్మును పట్టుకుంటోంది, దానికి తోడు కేస్ మూతి ఆగేచోట మసి గట్టిపడి ఒక కట్టలా ఏర్పడింది. పిన్ దెబ్బలో సగం తూటాను ముందుకు నెట్టడానికే ఖర్చయిపోతోంది. చాంబర్ వైపు నుంచే బ్రష్, ద్రావణంతో తడిపిన గుడ్డ పంపి ఆ కట్టను తొలగించి, బోల్ట్ లోపలిని పొడిగా తుడిచాక పలచని గుర్తులు ఆగిపోయాయి. తూటాల పెట్టెను ఎండలో ఉంచకుండా నీడలో మూత వేసి ఉంచుతున్నాము.

పేలని తూటాను కొద్దిగా తిప్పి మళ్లీ పెడితే చాలాసార్లు పేలుతుందనేది నిజమే. కోచ్ గారు దానిని అనుమతించరు, నేనూ వారితో ఏకీభవిస్తాను. మళ్లీ కాల్చేస్తే ఆ గుర్తు చెప్పే సంగతి పోతుంది.

జూన్

మ్యాచ్ రైఫిల్ చాంబర్ బిగువుగా ఉండి, తూటా పెట్టగానే గుళిక గొట్టం లోపలి మెలికల గాళ్లలోకి (రైఫ్లింగ్) కొద్దిగా దిగుతుంది. అందువల్ల పేలని తూటాను బయటికి లాగినప్పుడు ఒక్కోసారి కేస్ మాత్రమే వచ్చి గుళిక గొట్టంలోనే ఉండిపోతుంది, మందు పలుకులు ట్రిగ్గర్ సందుల్లోకి రాలుతాయి. ఈ నెల పక్క లేన్‌లో అదే జరిగింది. రేంజ్ ఆఫీసర్ ఆ రైఫిల్‌ను పక్కన పెట్టించి, శుభ్రం చేశాకే తిరిగి ఇచ్చారు.

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది క్లిక్ కాదు, నీరసంగా వినిపించే ‘టప్’ శబ్దం. మందు సరిగ్గా అంటుకోక గుళిక గొట్టం మధ్యలో ఆగిపోయి ఉండవచ్చు, దాని వెనక ఇంకో షాట్ వేస్తే గొట్టం ఉబ్బిపోవచ్చు, చీలవచ్చు కూడా. .22 తన్ను ఎలాగూ స్వల్పమే, పైగా చెవి రక్షణ, పక్క లేన్ల మోత మధ్య ఆ తేడా సులువుగా జారిపోతుంది. అందుకే ప్రతి షాట్ తరువాత తెర మీద గుర్తు పడిందో లేదో చూడనిదే తరువాతి తూటా ముట్టుకోను. అనుమానం వస్తే ముందు చాంబర్ ఖాళీ అని నిర్ధారించుకుని, బోల్ట్ తీసి, గొట్టం పూర్తి పొడవుకు టేపు గుర్తు చుట్టిన క్లీనింగ్ రాడ్‌ను వెనకనుంచి పంపి చూస్తాము. రాడ్ గుర్తు దాకా వెళ్లకపోతే ఆ రోజుకు సాధన ఆపేసి, రైఫిల్‌ను ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌కు అప్పగిస్తాము. చాంబర్‌లో ఇరుక్కున్నది పేలని తూటా అయితే దాన్ని ముందునుంచి రాడ్‌తో పొడవడం ఎవరూ, ఎప్పుడూ చేయకూడని పని.

లేన్ విడిచేటప్పుడు, రైఫిల్ ఖాళీగా ఉందని చూపడానికి గొట్టంలో పెట్టే సేఫ్టీ లైన్ కోసం వన్‌టౌన్‌లో గడ్డి కోసే యంత్రానికి వాడే నారింజ రంగు నైలాన్ తీగ కొన్నాను. గొట్టం కొన దాటి బయటికి కనిపించేంత పొడవు కత్తిరించాను. పేలని తూటాలన్నీ ఎర్రమూత డబ్బాలో వేసి, లెక్క రాసి క్లబ్ ఆయుధాగారానికి తిరిగి ఇస్తున్నాము, చెత్తబుట్టలోకి గానీ జేబులోకి గానీ ఒక్కటీ పోదు. జూలైలో కొత్త లాట్ వస్తుంది, అప్పటికి ఆర్మరర్ పిన్ స్ప్రింగ్ బలాన్ని కూడా పరీక్షిస్తానన్నారు.