ఎల్‌డీఎల్ 118 చూసి ఊరుకోకండి

శ్రీకాకుళం వైపు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) రిపోర్టుల్లో తరచూ కనిపించే రకం ఇది: మొత్తం కొలెస్ట్రాల్ 210, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 32, రక్తంలో ఉండే మరో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 300. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 118 అని ఉండేసరికి ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. ఆ 118 చాలాచోట్ల కొలిచింది కాదు, లెక్కగట్టింది. 210లోంచి హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు 60 తీసేస్తే వచ్చిన అంకె. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఈ లెక్క ఎల్‌డీఎల్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 400 దాటితే అసలు పనికిరాదు, పరగడుపున మళ్లీ రక్తం ఇవ్వాలి, లేదా ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించాలి.

ఇలాంటి రిపోర్టులో నేను ముందు చూడమనేది నాన్ హెచ్‌డీఎల్. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయడమే: 178. దీనికి పరగడుపు అక్కర్లేదు. ఎల్‌డీఎల్ లక్ష్యానికి 30 కలిపితే దీని లక్ష్యం. డాక్టరు ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలంటే ఇది 130 లోపు ఉండాలి. 178 ఎంత ఎక్కువో చూడండి!

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, కిడ్నీ జబ్బు ఉంటే చాలు, గుండెకు ముప్పు పెరుగుతుంది. వయసు 50 దాటి, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) 60 కంటే తగ్గి, ఇంకా డయాలసిస్‌కు వెళ్లనివారికి ఎల్‌డీఎల్ ఎంతున్నా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు ఇవ్వాలన్నది కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ మార్గదర్శకం. డయాలసిస్ మొదలయ్యాక స్టాటిన్ కొత్తగా మొదలుపెట్టరు. ముందునుంచీ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపేయకండి.