పదివేల డౌన్‌లోడ్లు ఇస్తామనే ప్రమోటర్ల కత

మాది చిన్న పాడ్‌కాస్ట్, ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్ళు, రొయ్యల గుంటలోళ్ళు, ఒంగోలు గిత్తలు మేపే రైతులు, ఇట్టాంటోళ్ళతో మాటలు, నెల్లూరులో మేడమీద గదిలో రికార్డింగు. దీనిక్కూడా ప్రమోటర్ల మెయిల్స్ ఆగవు. "సార్ మీ షో సూపర్, పదివేల డౌన్‌లోడ్లు గ్యారంటీ" అంటాడు. ఏ ఎపిసోడ్ విన్నావు నాయనా, గరిటెలాయన ఏ చెక్క వాడతానన్నాడు అనడిగితే "అమేజింగ్ కంటెంట్ సార్" అంటాడు, అంతే. ఇంకొకడైతే గూగుల్ పాడ్‌కాస్ట్స్‌లో నంబర్ వన్ చేస్తానన్నాడు, ఆ యాప్‌ని గూగుల్ 2024లోనే మూసేసింది!

మన మెయిల్ వాళ్ళకెట్ట దొరికిందబ్బా అంటే, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో (మన ఎపిసోడ్ల వివరాలు యాప్‌లకి అందించే ఫైలు) ఓనర్ మెయిల్ పెట్టుంటే ఎవరైనా చూడొచ్చు. స్పాటిఫైలో షో మనదేనని క్లెయిమ్ చేసుకునేటప్పుడు కోడ్ వచ్చేది కూడా ఆ మెయిల్‌కే, కాబట్టి "సార్ ఒక కోడ్ వచ్చుంటది చెప్పండి" అంటే వాడు ప్రమోషన్ చెయ్యట్లా, షోకే ఎసరు పెడతన్నాడు. ఎపిసోడ్లు పెట్టే హోస్టింగ్ సైటు సెట్టింగ్స్‌లో మెయిల్ దాచే ఆప్షన్ ఉంటే దాచేయండి, కోడ్ కావాల్సినప్పుడు తెరిచి మళ్ళీ మూసేస్తే సరి.

కందుకూరులో మా ఫ్రెండొకడు డబ్బు కట్టి డౌన్‌లోడ్లు కొన్నాడు. వాడి స్టాట్స్ నాకు చూపించాడు, ఒకే ఎపిసోడ్ రాత్రికి రాత్రి తాటిచెట్టంత లేచింది, అన్నీ ఒకే యాప్ నుంచి, మన తెలుగోడు ఒక్కడు కూడా ఉండడేమో అనిపించే దేశం నుంచి, తర్వాతి ఎపిసోడ్ మళ్ళీ మామూలే. ఐఏబీ అనే ఆన్‌లైన్ యాడ్ల సంస్థ లెక్క ప్రకారం నిమిషం ఆడియో దిగితే డౌన్‌లోడ్ కిందే లెక్క, మనిషి విన్నాడా, బాట్ అనే ఆటోమేటిక్ ప్రోగ్రాం దించుకుందా అనేది దాన్లో పూర్తిగా తేలదు, వీళ్ళు ఆడుకునేది అక్కడే. రేపు కావలి ఎరువుల కొట్టాయన యాడ్ ఇచ్చి, ఒక్క ఫోను కూడా రాలేదేందయ్యా అంటే ఏం చెప్తాడు వాడు?

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది గెస్ట్ ఇన్విటేషన్ మోసం. పెద్ద షో పేరు చెప్పి డబ్బులిస్తాం రండి అంటారు, ఫేస్‌బుక్ లైవ్ సెటప్ అని వాళ్ళ టెక్నికల్ మనిషికి మన స్క్రీన్ షేర్ చెయ్యమంటారు, కాల్ అయ్యేలోపు పేజీకి వాడు అడ్మిన్, మనం అవుట్. ఫేస్‌బుక్ అకౌంట్‌కి టూ స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది) పెట్టుకోండి, ఎనీడెస్క్ లాంటి, మన ఫోన్‌ని దూరం నుంచి నడిపే యాప్‌లు ఎవరు చెప్పినా వేసుకోవద్దు. పేమెంట్ పంపిస్తున్నాం యూపీఐ పిన్ కొట్టండి అన్నా అంతే, డబ్బు తీసుకునేదానికి పిన్ ఎందుకు?

ఇప్పటికే డబ్బు పోయినోళ్ళుంటే సిగ్గుపడి కూర్చోవద్దు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా పెట్టండి, వాడి మెసేజులు మాత్రం కోపంలో డిలీట్ చెయ్యబాకండి.