లాగ్ ఫైలు ముందు ఒక పూట

శనివారం, సత్యనారాయణపురం, విజయవాడ

బాబాయి వాళ్లింటి సిస్టమ్‌లో రాత్రి 2 గంటలకు ఆటోమేటిక్ బ్యాకప్ పెట్టి ఉంది. కొన్నాళ్లు నడుస్తుంది, కొన్నాళ్లు నడవదు. శుభలేఖల డిజైన్లు, పిల్లల ఫోటోలు, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే. ఇలాంటప్పుడు ముందుగా సాఫ్ట్‌వేర్ మార్చేయాలనిపిస్తుంది. ఇవాళ దాన్ని ముట్టుకోలేదు. బ్యాకప్ నడిచిన రోజుకీ నడవని రోజుకీ తేడా ఏమిటో విండోస్ ఎక్కడో ఒకచోట రాసే ఉంచుతుంది, ఆ రాతే లాగ్. అది చదవకుండా కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తే జబ్బు అలాగే ఉండిపోతుంది, దాని జాడ మాత్రం చెరిగిపోతుంది.

పెట్టిన టైముకి పనులు నడిపే టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే హిస్టరీ ట్యాబ్ ఖాళీ. అది మామూలే. కుడివైపు పట్టీలో ‘ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ’ నొక్కితే తప్ప చరిత్ర రాయడం మొదలవదు. ఏ ఇంట్లో అయినా ముందు చేయాల్సిన పని ఇదే, ఎందుకంటే రేపటి ప్రశ్నకు జవాబు ఇవాళ్టి నుంచే పోగవ్వాలి. పాత రోజుల సంగతి కావాలంటే, విండోస్ రాసుకున్న లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ చూడాలి. అక్కడ 41, 6008 నంబర్లు కనిపిస్తే సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా, కరెంటు పోయో హ్యాంగ్ అయ్యో, పుటుక్కున ఆగిందని, కెర్నల్ పవర్ 42 అయితే స్లీప్‌లోకి వెళ్లిందని అర్థం. బ్యాకప్ తప్పిన తేదీల పక్కన ఈ నంబర్లు పెట్టి చూస్తే సగం కథ తెలిసిపోతుంది.

మిగతా సగం పిన్ని చెప్పింది. “పడుకునేముందు అన్నీ బోర్డు దగ్గరే ఆపేస్తాంరా, ఉరుములొస్తే కాలిపోతాయని.” ఆవిడ చేసేది సబబే. కానీ రాత్రి 2 గంటల బ్యాకప్‌కి అదే అడ్డం. టాస్క్‌లో ‘వేక్ ద కంప్యూటర్’ అని టిక్కు పెట్టినా, అది స్లీప్‌లో ఉన్న సిస్టమ్‌నే లేపుతుంది. బోర్డు దగ్గర ఆగిపోయిన దాన్ని ఏ టిక్కూ లేపలేదు. ఇంటి అలవాటు మార్చమనడం కంటే టైము మార్చడం తేలిక. రాత్రి 8:30కి పెట్టాను, అన్నాల వేళకి సిస్టమ్ ఎలాగూ ఆన్‌లోనే ఉంటుంది. రెండో ట్రిగ్గర్‌గా (అంటే టాస్క్‌ని మొదలుపెట్టే సందర్భంగా) ‘ఎట్ లాగాన్’, లాగిన్ అవగానే అని ఇచ్చి, 15 నిమిషాల ఆలస్యం పెట్టాను. సెట్టింగ్స్ ట్యాబ్‌లో ‘రన్ టాస్క్ యాజ్ సూన్ యాజ్ పాసిబుల్ ఆఫ్టర్ ఎ షెడ్యూల్డ్ స్టార్ట్ ఈజ్ మిస్డ్’ అన్నదానికి టిక్కు తప్పనిసరి. మామూలుగా అది ఉండదు. తప్పిపోయిన రాత్రి తప్పిపోయినట్టే ఉండడానికి కారణం అదొక్కటే.

కండిషన్స్ ట్యాబ్ కూడా చూడాలి. కరెంటు మీద ఉంటేనే మొదలుపెట్టు, బ్యాటరీ మీదికి మారితే ఆపెయ్ అనే రెండు టిక్కులూ ముందునుంచే పడి ఉంటాయి. అవి ల్యాప్‌టాప్ వాళ్లకే అనుకుంటారు చాలామంది. యూపీఎస్‌ని యూఎస్‌బీ వైరుతో సిస్టమ్‌కి కలిపితే, విండోస్ దాన్ని కూడా బ్యాటరీగానే లెక్కేస్తుంది. కరెంటు రెండు నిమిషాలు పోయి వచ్చినా సరే, బ్యాకప్ మధ్యలో ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఒక్కటే ఉంటే దాని వెనకాల స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడాలి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ కాస్త సమయంలోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోవచ్చు. ఫ్యాను ఆగకుండా తిరిగింది కదా అని సిస్టమ్ కూడా ఆగలేదనుకోకూడదు.

‘రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్’ పెట్టేవాళ్లకి ఒక మాట. అది అడిగేది అకౌంటు పాస్‌వర్డ్, రోజూ కొట్టే పిన్ కాదు. పాస్‌వర్డే లేని అకౌంటు మీద ఆ టాస్క్ నడవదు. నెట్‌వర్క్ డ్రైవ్‌కి ఇచ్చుకున్న అక్షరం కూడా దానికి కనపడదు కాబట్టి పూర్తి నెట్‌వర్క్ పాత్ రాయాలి.

ఇక డ్రైవ్ అక్షరం సంగతి. బ్యాకప్ నడిపే స్క్రిప్ట్‌లో (ఆదేశాలు వరసగా రాసిన ఫైలు) బ్యాకప్ డిస్క్ అక్షరం ‘ఎఫ్’ అని ఉంది. డిజైను తీసుకెళ్లడానికి ఎవరైనా వచ్చి ముందే పెన్‌డ్రైవ్ పెట్టిన రోజున ఎఫ్ దానికి పోయింది, హార్డ్ డిస్క్ ‘జి’ అయింది. బ్యాకప్ ఆ రోజు పెన్‌డ్రైవ్ మీదికి వెళ్లింది, అది నిండగానే ఆగింది. ఎవరి పెళ్లి ఫోటోలు ఎవరింటికి చేరతాయో తెలియని పరిస్థితి ఇది, తేలిగ్గా తీసుకునేది కాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి బ్యాకప్ డిస్క్‌కి అక్షరమాలలో చివరి వైపు ‘ఆర్’ ఇచ్చాను. విండోస్ కొత్తగా వచ్చినవాటికి ముందు అక్షరాల నుంచి ఇస్తూ వస్తుంది కాబట్టి ఆర్ దాకా రావడం అరుదు. దాంతోపాటు ఆ డిస్క్ మీద ఒక చిన్న గుర్తు ఫైలు పెట్టి, అది కనపడితేనే కాపీ మొదలయ్యేలా స్క్రిప్ట్‌లో ఒక లైను చేర్చాను. ‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్’ లైను ఒక్కటి చాలు.

కాపీ చేసేది విండోస్‌లోనే ఉండే రోబోకాపీ. దానికి డబ్బు కట్టక్కర్లేదు, చాలా గట్టిది కూడా. కానీ రెండు విషయాలు తెలియకపోతే తిప్పలు పెడుతుంది.

మొదటిది ఓపిక. ఒక ఫైలు కాపీ కాకపోతే అది మామూలుగా 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతుంది. లెక్క కడితే దాదాపు 347 రోజులు, ఒక్క ఫైలుకే. శుభలేఖలు చేసే పేజ్‌మేకర్‌లో ఒక ఫైలు తెరిచి వదిలేస్తే లాగ్‌లో ‘ఎర్రర్ 32’ (ఫైలు వేరే ప్రోగ్రాం చేతిలో ఉంది) అని పడి బ్యాకప్ అక్కడే కూర్చుంటుంది. మర్నాడు టైము వచ్చినా, పాతది ఇంకా నడుస్తోంది కాబట్టి షెడ్యూలర్ కొత్తది మొదలుపెట్టదు. 3 రోజులు దాటాక పాతదాన్ని ఆపేస్తుంది, ఆ తర్వాత మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఎప్పుడూ షట్‌డౌన్ చేయని ఇళ్లల్లో బ్యాకప్ తేదీల మధ్య మూడేసి రోజుల ఖాళీ కనపడితే నా అనుమానం ముందు దీని మీదికే పోతుంది. మందు చిన్నదే: రోబోకాపీ ఆదేశం వెనక చేర్చే ఆర్ స్విచ్‌కి 2, డబ్ల్యూ స్విచ్‌కి 5. రెండుసార్లు చూసి, అయిదేసి సెకన్లు ఆగి, ముందుకు పోతుంది.

రెండోది ఫలితం కోడ్. షెడ్యూలర్‌లో ‘లాస్ట్ రన్ రిజల్ట్’ దగ్గర 0ఎక్స్1 (అంటే 1) కనపడితే పాడైందని కంగారు పడతారు. రోబోకాపీ లెక్కలో 0 అంటే కొత్తగా కాపీ చేయాల్సింది ఏమీ లేదు, 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయి. 8 కంటే తక్కువ ఏది వచ్చినా క్షేమం. 8, ఆపైన అయితే కొన్ని ఫైళ్లు మిగిలిపోయాయి, 16 అయితే పనే మొదలవలేదు. కానీ స్క్రిప్ట్ ఇంకెక్కడ చెడినా అదే 0ఎక్స్1 రావచ్చు, చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకని స్క్రిప్ట్ చివర ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8’ (8 గానీ ఆపైన గానీ వచ్చిందా) అని అడిగి, అవునంటే 1తో, కాదంటే 0తో ముగించాను. ఇప్పుడు షెడ్యూలర్‌లో సున్నా కాని అంకె ఏది కనిపించినా ఆగి చూడాల్సిందే.

రోబోకాపీకి మిర్ స్విచ్ తీసేశాను, బదులుగా ఇంగ్లీషు ‘E’ స్విచ్ పెట్టాను. మిర్ అయితే ఇక్కడ పొరపాటున తుడిచింది రాత్రికి అక్కడా తుడుచుకుపోతుంది.

తెలుగు పేర్ల దగ్గర ఎక్కువసేపు పట్టింది. అలా పట్టడమే న్యాయం, ఎందుకంటే దీని గురించి రాసినవాళ్లు తక్కువ. స్క్రిప్ట్‌ని పాత నోట్‌ప్యాడ్‌లో ఆన్సీగా (తెలుగు అక్షరాలకి చోటు లేని పాత పద్ధతి) భద్రపరిస్తే ‘శుభలేఖలు’ అనే ఫోల్డర్ పేరు ప్రశ్న గుర్తుల వరసగా మారిపోతుంది. ఆ పాత్ ఎక్కడా ఉండదు కాబట్టి కోడ్ 16 వస్తుంది. తెలుగు పట్టే యూటీఎఫ్-8లో భద్రపరిస్తే స్క్రిప్ట్ మొదట్లో ‘సీహెచ్‌సీపీ 65001’ అనే ఆదేశం ఉండాలి. యూటీఎఫ్-8 విత్ బామ్ (ఫైలు మొదట్లో కనపడని గుర్తు చేర్చేది) ఎంచుకుంటే మొదటి లైనే చెడిపోతుంది. ఇంత తంటా ఎందుకని, స్క్రిప్ట్‌లో రాసే పై ఫోల్డర్ పేరు ఒక్కటి ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను. దాని లోపల ఎన్ని తెలుగు పేర్లున్నా రోబోకాపీ శుభ్రంగా కాపీ చేస్తుంది. లాగ్‌లో కూడా తెలుగు సరిగ్గా కనపడాలంటే మామూలు లాగ్ స్విచ్ బదులు ‘యూనిలాగ్’ వాడాలి. లేకపోతే ఏ ఫైలు మిగిలిపోయిందో చెప్పాల్సిన లైనులోనే ప్రశ్న గుర్తులు వస్తాయి.

రూటర్ వెనక తగిలించిన డిస్క్‌కో, నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెకో బ్యాకప్ పంపేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఆ పెట్టెల్లో చాలావాటి లోపల ఉండేది లినక్స్. అక్కడ మామూలుగా వాడే ఎక్స్‌ట్4 లాంటి ఫైల్ సిస్టమ్‌లో (డిస్క్ మీద ఫైళ్లు అమర్చే పద్ధతి) ఒక పేరుకి హద్దు 255 బైట్లు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హద్దు 255 కోడ్‌లు, అంటే కంప్యూటర్ విడివిడిగా లెక్కపెట్టే అక్షరాలు, గుర్తులు. తెలుగులో ఒక్కో కోడ్‌కి 3 బైట్లు పడతాయి కాబట్టి అక్కడికి వెళ్లేసరికి పేరు 85 కోడ్‌లకు మించకూడదు. మనం ఒకే అక్షరంగా చదివేది అక్కడ ఒకటి కాదు: ‘శ్రీ’లో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 4 కోడ్‌లు, 12 బైట్లు. ‘వేంకటేశ్వరస్వామి’ అన్న ఒక్క మాటకే 48 బైట్లు. దేవుడి పేరు, వధూవరుల పేర్లు, ముహూర్తం, ‘చివరి ప్రూఫు’ అన్నీ ఫైలు పేరులోనే పెట్టే అలవాటుంటే ఆ ఫైళ్లు మాత్రం విడిగా ఆగిపోతాయి. అదే ఫోల్డర్‌లో ఇంగ్లీషు పేర్లున్నవి వెళ్లిపోతాయి. అందుకే ఇది అప్పుడప్పుడూ వచ్చే జబ్బులా అనిపిస్తుంది. అసలు కారణం పేరు పొడుగు. తేదీ, ఇంటిపేరు, ఒక అంకె చాలు, మిగతాది ఫోల్డర్ పేరుకి వదిలేయొచ్చు.

కేబులు గురించి తక్కువ మాటల్లో. క్యాబినెట్ ముందు పోర్టు నుంచి తీసి వెనక పోర్టుకి మార్చాను. చిన్న డిస్క్ కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. ముందు పోర్టుకి లోపల పొడుగు వైరు, పైన ఎక్స్‌టెన్షను కూడా ఉంటే డిస్క్ తిరగడం మొదలెట్టినప్పుడు వోల్టేజీ పడిపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్క్ కింద 157 వస్తే ఉన్నట్టుండి ఊడిందని, 153 వస్తే మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చిందని. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 లైన్లు (డిస్క్‌లో పాడైన, అనుమానం ఉన్న చోట్ల లెక్క) చూడాలి. సీ5 పెరుగుతూ పోతే డిస్క్ మార్చే రోజు వచ్చినట్టే. సీ7 చూసి యూఎస్‌బీ కేబుల్ని తప్పుపట్టకూడదు. అది డబ్బా లోపల డిస్క్‌కీ బోర్డుకీ మధ్య ఉన్న లంకె లెక్క. బయటి కేబులు సంగతి ఆ ఈవెంట్లే చెప్పాలి.

డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంది. అందులోవన్నీ వేరేచోటికి తీసి ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేశాను. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ (చేయబోయే మార్పులు ముందుగా రాసుకునే చిట్టా) లేదు. రాస్తుండగా కరెంటు పోతే ఫోల్డర్ల పట్టికే దెబ్బతినొచ్చు. మన ఊళ్లో వేసవి సాయంత్రాల గాలివానకి ఆ ముప్పు ఎప్పుడూ ఉండేదే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తులో సిస్టమ్, అదే బల్ల సొరుగులో బ్యాకప్ డిస్క్ ఉంటే అలాంటి రోజున రెండూ ఒకేసారి మునుగుతాయి. అందుకని రెండో డిస్క్ ఒకటి గుంటూరులో అత్తయ్య వాళ్లింట్లో పెట్టాలని తేల్చాం. వెళ్లినప్పుడల్లా ఇది అక్కడ పెట్టి అది తెచ్చుకోవడం. క్లౌడ్ మంచిదే కానీ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిలు, ఫోటోలూ ఉంటాయి. 100 జీబీ ఎక్కించాలంటే 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద ఆగకుండా 11 గంటలు పడుతుంది.

లాగ్ రోజూ కళ్లపడాలి. యూనిలాగ్ ప్రతిసారీ పాతదాని మీదే రాస్తుంది కాబట్టి ఫైలు చిన్నదిగానే ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎల్, ఎన్‌డీఎల్ స్విచ్‌లు పెడితే ఫైళ్ల జాబితా పోయి, తప్పులూ చివరి పట్టికా మిగులుతాయి. దాని షార్ట్‌కట్ స్టార్టప్ ఫోల్డర్‌లో వేశాను. పొద్దున్న సిస్టమ్ ఆన్ చేయగానే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. బాబాయి చూడాల్సినవి రెండే: పైన తేదీ నిన్నటిదేనా, కింద పట్టికలో ‘ఫెయిల్డ్’ గడిలో సున్నా ఉందా.

సాయంత్రం పరీక్ష పెట్టాం. అన్నిటికంటే పాత ఫోటో, అన్నిటికంటే పెద్ద వీడియో, లోతైన ఫోల్డర్‌లో తెలుగు పేరున్న ఒక ఫైలు, నిన్న చేసిన ఒక శుభలేఖ. ఈ నాలుగింటినీ డిస్క్ నుంచి వేరే ల్యాప్‌టాప్‌లోకి తీశాం. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్‌తో రెండువైపులా షా256 (ఫైలుకి వేలిముద్ర లాంటిది) చూస్తే అక్షరం తేడా లేదు. ఫోటో, వీడియో, తెలుగు పేరు ఫైలూ తెరుచుకున్నాయి. శుభలేఖ కూడా తెరుచుకుంది గానీ తెలుగు ఒక్క ముక్క లేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. “ఇదేంట్రా, ఫైలు పాడైందా?” అని బాబాయి గాభరా పడ్డాడు. పాడవలేదు. అది అను ఫాంట్లలో టైపు చేసింది, ఆ ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్లు లేవు. యూనికోడ్ కాని ఫాంట్లలో తెలుగు బొమ్మ ఇంగ్లీషు అక్షరం చోట కూర్చుని ఉంటుంది, ఫాంటు లేకపోతే అడుగున ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. బ్యాకప్ జాబితాలో ఫాంట్లు లేనేలేవు. విండోస్ ఫాంట్స్ ఫోల్డర్, దాంతోపాటు యూజర్ యాప్‌డేటాలో ఉండే లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ దారి కూడా జాబితాలో చేర్చాను. అందరు యూజర్లకీ అని ఎంచుకోకుండా ఎక్కించిన ఫాంట్లు ఈ రెండో చోటే పడతాయి. కీబోర్డు ప్రోగ్రాం, పేజ్‌మేకర్ ఇన్‌స్టాల్ ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో పెట్టమని బాబాయికి చెప్పాను. అవి దొరికాక అదే ల్యాప్‌టాప్‌లో అదే శుభలేఖ మళ్లీ తెరిచి చూడాలి.