పాలరాతి దేవుడి తల ఎత్తేటప్పుడు

1954 సెప్టెంబరులో లండన్ వాల్‌బ్రూక్ తవ్వకాల్లో మిత్రాస్ దేవుడి పాలరాతి తల బయటపడింది. అదే రోమన్ గుడిలో సెరాపిస్, మినర్వా దేవతల తలలూ దొరికాయి. ఇలాంటివాటిని మ్యూజియం నిల్వ గదుల్లో అటూ ఇటూ మార్చే పనినే ఇక్కడ బ్రిటన్‌లో ఆర్ట్ హ్యాండ్లింగ్ అంటారు.

మొదట బరువు లెక్కగట్టాలి. లీటరు పాలరాయి సుమారు 2.7 కిలోలు, పది లీటర్లంత తల 27 కిలోలు తూగుతుంది. బ్రిటన్ భద్రతా మార్గదర్శకాల్లో నడుము ఎత్తులో, ఒంటికి ఆనించి మోయడానికి మగవాళ్ళకు 25 కిలోలు, ఆడవాళ్ళకు 16 కిలోలు. చేతులు చాచి పట్టుకుంటే ఇంకా తక్కువ. అందుకే ఇద్దరు పట్టాలి, ఎత్తు, దించు అనే మాట ఒక్కరే చెప్పాలి.

వేసుకోవాల్సింది నైట్రైల్ (రబ్బరు లాంటి) గ్లవ్స్. నూలువి జారతాయి, ఉత్త చేతులైతే చెమట, జిడ్డు రాతిలోకి ఇంకి మరక పడుతుంది. మిత్రాస్ టోపీ కొన, ముక్కు, జుట్టు ముంగురులు పట్టుకోకూడదు. పాత అతుకులు అక్కడే ఉండొచ్చు. ఒక చెయ్యి మెడ కింద, ఇంకోటి తల వెనక. పాతకాలం ఇనుప కడ్డీ లోపలుంటే మరీ జాగ్రత్త: అది తుప్పు పట్టి ఉబ్బి రాయిని లోపలినుంచే చీలుస్తుంది. పైకి వెంట్రుకంత గీత, చుట్టూ తుప్పు రంగు కనిపిస్తే ఎత్తకుండా కన్సర్వేటర్‌ని, అంటే పాత వస్తువులు బాగుచేసే నిపుణుణ్ణి పిలవాలి.

ఎత్తడం కంటే దించడమే గండం. విరిగిన మెడ అడుగు చదునుగా ఉండదు. ఆ ఆకారానికి ముందే కోసిన ప్లాస్టాజోట్ ఫోమ్ గూడు సిద్ధంగా ఉండాలి. తల అందులో కుదురుకుందని ఇద్దరూ అనుకున్నాకే చేతులు తియ్యాలి. ఓక్ చెక్క పెట్టెలో మాత్రం దాచొద్దు. దాన్నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం పాలరాతిని తినేస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలోని మన అమరావతి శిల్పాలది సున్నపురాయి. దానికీ ఆమ్లం అంటే అదే భయం.

మన దగ్గర సీనియర్ ఎత్తుతుంటే ఆగమనడానికి నోరు రాదు. ఇక్కడ "స్టాప్" అనే హక్కు నిన్న చేరిన కుర్రాడికీ ఉంది. పట్టు జారుతోందనిపిస్తే వెంటనే అనెయ్యాలి, మొహమాటపడితే పోయేది దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి ముక్కు.

ఈ పనిలో చేరాలనుకుంటే ఒక మాట: స్టూడెంట్ వీసా మీద వచ్చిన డిగ్రీ, పీజీ పిల్లలకు టర్మ్‌లో వారానికి 20 గంటలే పని. ఫ్రీలాన్స్‌గా ఇన్‌వాయిస్ రాసే పద్ధతి అసలు కుదరదు. అందుకే పేరోల్ మీద, అంటే జీతమిచ్చే ఉద్యోగిగా తీసుకుంటారో లేదో చేరేముందే అడగండి.